తెర మీద ఎవరు కనబడాలె?

(మహేశ్వరంలో యువకుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

"పాట నడుస్తుండంగ తెర మీద బొమ్మలు కలిపే పని ఎట్ల మొదలుపెట్టాలె, మన పిల్లలకు చెప్పు" అని నన్ను పిలిచిన్రు. నేను ఇంజనీరును కాదు. పదో తరగతి తప్పి, ఏండ్ల తరబడి ఎల్‌ఈడీ తెరల పలకలు మోసినోన్ని. ఆ మోసుడులనే ఈ పని నేర్చుకున్న. నాకు తెలిసిందే చెప్త.

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దాని కింద దాదాపు ఐదున్నర వేల ఎకరాలు పోయినయి. ఆ తర్వాత రింగు రోడ్డు వచ్చింది, ఫంక్షన్ హాళ్ళు, రిసార్టులు, ఫాంహౌసులు వచ్చినయి. ఇయ్యాల తుక్కుగూడ నుంచి మహేశ్వరం గేటు దాక పెండ్లిళ్ళ కాలంల రాత్రి పోయి చూడున్రి. తెరల మీద తెరలు. ఆ పలకలు లారీల నుంచి దించేదెవరు? కేబుళ్ళు గుంజేదెవరు? జెనరేటరు కాడ నిద్ర కాసేదెవరు? శానమటుకు మన వాడల పిల్లలే. మరి మిక్సరు ముందట కుర్చీల కూసునేది ఎవరు? ఈ ప్రశ్న నన్ను ఒక్క రాత్రి పట్టుకున్నది, ఇంక విడువలే.

అది ఒక పెండ్లి బరాత్. తెర నేనే కట్టిన. బరాత్ ముందట డప్పు కొట్టేటోళ్ళల్ల మా మేనమామ ఉన్నడు. మూడు గంటలు కొట్టిండు. చేతులు బొబ్బలెక్కినయి. తెర మీద పెండ్లికొడుకు వచ్చిండు, ఆళ్ళ చుట్టాలొచ్చిన్రు, కార్లొచ్చినయి, ఆఖరికి గుర్రం గూడ వచ్చింది. డప్పు కొట్టెటోని మొఖం ఒక్కపారి రాలే. మిక్సరు కాడున్న అన్నను అడిగిన. ఆయన పరాయోడు గాదు, మనోడే. తలకాయ దించుకొని, "చూపిస్తే బాకీ పైసలియ్యరు తమ్మీ" అన్నడు.

ఆయన్ను తప్పు పట్టుటానికి ఈ ముచ్చట చెప్తలేను. మనోడు కుర్చీల కూసుంటే సరిపోతదనుకున్న నాకు ఆ రాత్రి కండ్లు తెరుచుకున్నయి. పని నేర్వాలె, కూలికి చెయ్యాలె, కడుపు నిండాలె. దాంతోపాటు మన సొంత రాత్రి, మన సొంత తెర గూడ ఉండాలె. రెండూ కావాలె.

ఇంతకు ఏంది ఈ పని? పెండ్లి వీడియోనైతే తర్వాత షాపుల కూసోని కలుపుతరు, తప్పయితే దిద్దుకుంటరు. లైవ్ మిక్సింగుల ఆ వీలు లేదు. పాట నడుస్తుంటెనే రెండు మూడు కెమెరాల బొమ్మలు, ముందుగాల తీసిపెట్టుకున్న ముక్కలు, అక్షరాలు, అన్నీ అక్కడికక్కడ కలిపి తెర మీదికి పంపుతరు. క్లబ్బులల్ల ఈ పని చేసేటోన్ని వీజే అంటరు. డీజే పాటలు కలిపినట్టు వీజే బొమ్మలు కలుపుతడు.

ఇది నిన్న పుట్టింది గాదు. 1968ల న్యూయార్కుల ఫిల్మోర్ ఈస్ట్ అనే పాటల హాలుల జాషువా లైట్ షో అనే బృందం అద్దపు గిన్నెలల్ల రంగుల నూనెలు, నీళ్ళు పోసి, కింద దీపం పెట్టి, పాటకు తగ్గట్టు కదిలిస్తుంటే ఎనుక తెర మీద ఆ రంగులు ఆడేటియి. కంప్యూటరు లేదు, పాడు లేదు. చెయ్యి, చెవి, ఓపిక, అంతే. మనకూ అవే కావాలె.

"గివన్ని పట్నపోళ్ళ పనులు, ఉద్యమానికి ఎందుకు?" అని పెద్దమనుషులు అడుగుతరు. 1906ల భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదుల జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా మన జనానికి చైతన్యం చెప్పిచ్చిండు. హరికథ మనది కాదని ఆయన దూరం కూసోలే. సాధనం ఎవరిదని చూడలే, ఎవరికి పనికొస్తదని చూసిండు. ఇంకో ముచ్చట. జహీరాబాద్ కాడ పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు, ఎక్కువమంది దళితులు, శానమందికి అక్షరం రాదు, కెమెరా పట్టిన్రు. 2001ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నరు. వరంగల్ బీటీ పత్తి రైతుల గోసను సినిమా తీసి లోకానికి చూపిచ్చిన్రు. 2008ల మాచునూరుల సంఘం రేడియో నడిపిచ్చిన్రు. మనిషికి సమానంగ, కండ్ల ఎత్తుల కెమెరా పెట్టి తీసేదానికి ఆళ్ళు "సంఘం షాట్" అని పేరు పెట్టిన్రు. ఎందుకంటే సంఘంల అందరు సమానంగ కూసుంటరు. చూడున్రి, కెమెరా ఎత్తు గురించి మన అక్కలు చెప్పిన పాఠం ఇది!

ఇగ పనికొద్దాం. రాసుకునేటోళ్ళు రాసుకోన్రి.

ఒకటి, సామాను. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాపు ఒకటి, ఫోన్లు రెండు, ప్రొజెక్టరో పెద్ద టీవీయో ఒకటి. ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేరు ఉత్తగనే దొరుకుతది. రెజల్యూమ్ అనేది వీజేల పనిముట్టు. దానికి పైసలు కట్టాలె. కట్టకుంటే తెర మీద దాని గుర్తు పడుతది గని నేర్సుకోవచ్చు. ముందుగాల ఓబీఎస్ పట్టున్రి. దాంట్ల స్టూడియో మోడ్ పెడితే రెండు డబ్బాలు కనబడుతయి. ఎడమ డబ్బాల తయారయ్యే బొమ్మ, కుడి డబ్బాల జనం చూసే బొమ్మ. ఎడమ దిక్కు సరిచూసుకున్నంకనే మీట నొక్కాలె. ఈ ఒక్క అలవాటు పడితే సగం పని వచ్చినట్టే.

రెండు, ముక్కలు. పది పదిహేను సెకండ్ల ముక్కలు ఇరవై తీయున్రి. నెట్టుల నుంచి గుంజవద్దు. మన వాడలనే తీయున్రి. మంట కాడ డప్పు కాస్తున్న చేతులు, చిర్రె, సిటికెన పుల్ల, నాటేసే అమ్మల కాళ్ళు, చెరువు కట్ట, చేను మీదికెల్లి దిగుతున్న విమానం, కూడలి కాడి అంబేద్కర్ విగ్రహం. ఎవరి మొఖం తీసినా ఆళ్ళను అడిగి తీయున్రి. మనల్ని అడుగకుండ తీసెటోళ్ళను సూసినం, మనం గట్ల గావద్దు.

మూడు, తెర లెక్క. 500 మిల్లీమీటర్ల పలకల పి-3.91 అనేది ఉంటది. ఒక్క పలకల అడ్డం 128, నిలువు 128 చుక్కలు. అడ్డం ఎనిమిది, నిలువు ఐదు పలకలు కడితే 1024 అడ్డం, 640 నిలువు. మీ బొమ్మ గా కొలతల ఉండాలె. లేకుంటే మొఖాలు సాగుతయి, తలకాయలు తెగుతయి. పెద్ద కెమెరా లేదని బుగులు పడకున్రి. గంత తెరకు ఫోను బొమ్మ సరిపోతది.

నాలుగు, కరెంటు, కేబులు. మామూలు హెచ్‌డీఎంఐ కేబులు పది పదిహేను మీటర్లు దాటితే బొమ్మ ఆగుకుంట ఆగుకుంట వస్తది. స్టేజి దూరముంటే ఎస్‌డీఐ కేబులు ఎయ్యాలె, అది వంద మీటర్ల దాక పోతది. మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకని కెమెరాల సెకండుకు 25 ఫ్రేములు, షట్టరు యాభైల ఒకటి పెట్టున్రి. అప్పుడు ట్యూబులైట్ల కింద బొమ్మ మినుకు మినుకుమనది. జెనరేటరుకు ఎర్తింగు లేకుండ తెర ముట్టొద్దు. తడి చేతులతోని అసలే ముట్టొద్దు. కూలి కోసం పోయిన పిల్లగాడు పానంతోని ఇంటికి రావాలె.

ఐదు, బొమ్మ ఆలిశం. కెమెరా నుంచి తెర దాక బొమ్మ పోతందుకు రెండు మూడు ఫ్రేములు ఆలిశమైతది. సెకండుకు 25 ఫ్రేములంటే ఒక్క ఫ్రేము 40 మిల్లీసెకండ్లు. మూడైతే 120. చప్పుడు సెకండుకు 340 మీటర్లు పోతది. అంటే నలభై మీటర్ల దూరమున్నోనికి చప్పుడు గూడ గంతే ఆలిశంగ ఇనబడుతది, ఆనికి బొమ్మ, పాట కలుస్తయి. ముందట కూసున్నోనికే తేడా తెలుస్తది. గందుకని పెదాలను మరీ దగ్గర చూపియ్యకున్రి.

ఆరు, దెబ్బ లెక్క. నేను మొదటిసారి కూసున్ననాడు ప్రతి దెబ్బకు బొమ్మ మార్చిన, మస్తు చేస్తున్న అనుకున్న. ఒక ముసలవ్వ వచ్చి, "కండ్లు తిరుగుతున్నయి బిడ్డా! మీ మామ మొఖం జర సూడనియ్యవా?" అన్నది. అప్పటి నుంచి దరువు తిరిగొచ్చే ఒకటో దెబ్బ మీదనే మారుస్తున్న. ఒక్కోపాలి పాట అయిపోయేదాక ఒక్క మొఖమే ఉంచుత. పెండ్లి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. పాట ఏంటిదో ఇననోడు బొమ్మలు కలుపలేడు. ఇంకొకటి, తెరను సెకండుకు మూడుసార్ల కంటె ఎక్కువ తెల్లగ నల్లగ కొట్టియ్యొద్దు. మూర్ఛ ఉన్నోళ్ళకు ఫిట్సు రావచ్చు.

ఏడు, అక్షరాలు. పాటల రెండు వరుసలే ఎయ్యున్రి, పెద్దగ ఎయ్యున్రి. రాత్రిబడుల చదువుకున్న మా అమ్మ ఎనుక వరుసల కూసోని చదవాలె. రాయించినోని పేరు, డప్పు కొట్టినోని పేరు గూడ ఎయ్యున్రి. ఆళ్ళ పేర్లు ఇంతకుముందు ఎక్కడ ఎక్కినయి?

రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాక మైకులు బందు అని చట్టముంది. 2024 అక్టోబర్ల హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులల్ల డీజేలు వద్దని ఆర్డరు గూడ ఇచ్చిన్రు. చప్పుడు కొంచెం తగ్గితే మనకు నష్టమేం లేదు. డీజే డబ్బాలు వచ్చినంక మన పెద్దలకు బేరాలు తగ్గినయి. డప్పు దగ్గర కెమెరా పెట్టున్రి. చిన్న చప్పుడు గూడ పెద్ద తెర మీద పెద్దగనే కనబడుతది.

కొందరంటరు, "డప్పును తెర మీద చూపిచ్చుడంటే కులవృత్తిని పొగుడుడే గదా?" ప్రశ్న మంచిదే. డప్పు కొట్టుమని కులం పేర పిలిస్తే పోవద్దు. మనోళ్ళు 1994 నుంచి దండోరా పేర మోగిచ్చింది ఆ పిలుపుకు జవాబు గాదు, హక్కు కోసం. మద్రాసుల 2018 జనవరిల కాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం వేల జనం ముందట గానా పాటలు, పరై మోతలు, రాప్ కలిపి వాయించింది. అది ఆళ్ళ స్టేజి. ఎవని స్టేజి, ఎవని మీట అన్నదే లెక్క.

ఇగ చివరి మాట. ఏప్రిల్ 14 రాత్రికి మన వాడల తెర కట్టుదాం. పెద్దది కానక్కరలేదు. తెల్ల దుప్పటి, అడిగి తెచ్చిన ప్రొజెక్టరు సరిపోతయి. ఇప్పటి నుంచి వారానికి రెండు రాత్రులు ఐదుగురు కూసోన్రి. అందుల ఇద్దరు ఆడపిల్లలు ఉండాలె. చాయ పొయ్యనీకి గాదు, మిక్సరు కాడ కూసోనికి. ఒకరు మీట కాడ, ఇద్దరు ఫోన్ల కాడ, ఒకరు అక్షరాల కాడ, ఒకరు కేబుళ్ళ కాడ. పాట పాటకు జాగ మారున్రి. కేబుల్ గుంజెటోడు ఎప్పటికీ కేబులే గుంజుతుంటే మనం గూడ ఇంకో వర్ణవ్యవస్థ కట్టినట్టే.

మా మేనమామ ఇప్పుడు డప్పు కొట్టలేడు, భుజం పట్టేసింది. పోయినేడు మా వాడల తెర మీద ఆయన చేతులు చూపిచ్చినం. ఏం మాట్లాడలే. తెర దిక్కు చూసి, తన చేతుల దిక్కు చూసుకున్నడు. గంతే. తప్పులైతయి, తెర నల్లబడుతది, జనం నవ్వుతరు. భయపడకున్రి, మొదలుపెట్టున్రి.

జై భీమ్!