వీథిలో కుక్క, యజమాని చేతి పగ్గము



పూర్వము ఎద్దు పరుల చేనిలో పడినచో దానిని బందెలదొడ్డికి తోలెడివారు. యజమాని రుసుము చెల్లించి విడిపించుకొనవలసినదే. కుక్క విషయమున మనకు అట్టి కట్టుబాటు ఏర్పడలేదు. అది ప్రొద్దున ఒక యింటి అరుగు కడ గంజి త్రాగును. మధ్యాహ్నము మఱియొక యింటి చూరు క్రింద పండుకొనును. రాత్రి ఊరంతయు తిరుగును. దొంగను తఱిమిననాడు "మా కుక్క" యనువారు నలుగురు బయలుదేరుదురు. పిల్లవాని పిక్క పట్టిననాడు దానికి యజమాని యొక్కడును దొరకడు. నేడు నేను మనవి చేయదలచినది ఆ నలుగురిని గూర్చియే.

ఆదిపర్వారంభమున సరమ కథ మీ రెఱుగుదురు. తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ శునకి రాజు నెదుటికి వచ్చి, నా బిడ్డ హవిస్సును ముట్టలేదే, ఏల కొట్టితిరని నిలదీసినది. తప్పు చేయని జంతువును కొట్టరాదను నీతిని మనము ఆ కథనుండి గ్రహించుచున్నాము. మంచిదే. కాని సరమ అట్లు ధైర్యముగా అడుగగలిగినది తన బిడ్డ యేమి చేసెనో, యేమి చేయలేదో తా నెఱిగియుండుటచేతనే కదా! కుక్కను ఊరిమీదికి వదలి యింట కూర్చున్నవాడు ఏమని సాక్ష్యము చెప్పును? పగ్గము చేతిలో నున్నవానికే ఆ మాట చెల్లును.

"మాది కఱవదండి" యని పలువు రందురు. అన్నము పెట్టినవానిని కఱవదు, నిజమే. సైకిలుపై వేగముగా పోవువాడు, పరుగెత్తు పసివాడు, బుట్ట నెత్తిన పెట్టుకొని వచ్చు క్రొత్త మనిషి దానికి బంధువులు కారు. మొఱిగెడి కుక్క కఱవదను సామెతను నమ్మి చేయి చాచినవారు కొందఱు ఆసుపత్రిలో కనబడుదురు. కఱవకున్నను, బండి కడ్డము వచ్చి మనిషిని పడవేయవచ్చును. చూడి గొఱ్ఱెలను తఱిమి మందను చెదరగొట్టవచ్చును.

అన్నిటికంటె భయంకరమైనది వెఱ్ఱికుక్క కాటు. మనుష్యులకు ఈ వ్యాధి వచ్చుట దాదాపుగా ఎల్లచోట్లను కుక్కల వలననే. లక్షణములు బయటపడిన పిదప బ్రదికినవారు లేరనియే చెప్పవచ్చును. అవి బయటపడుటకు సాధారణముగా ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. ఈ వ్యవధియే మనలను మోసగించుచున్నది. పుండు మానినది, గండము గడచినదని తలంతుము. 1885 జూలై 6వ తేదీన పారిసు నగరమున పాశ్చరు పండితుడు తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరను బాలునికి తన టీకా వేయించి కాపాడెను. 1907లో చెన్నరాజధానియందు కూనూరున ఆయన పేర ఒక సంస్థ వెలసినది. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులను తలచుకొని నేటికిని జంకువారు కలరు. ఆ పాతమందు మానివేయబడి యేండ్లు గడచినవి. ఇప్పుడు భుజమునకే సూది. కాటు పడిననాడు ఒకటి, పిదప 3, 7, 28వ దినములలో. నెత్తురు వచ్చిన కాటైనచో గాయమునందే వేయు మఱియొక మందు కలదు. దానిని అడిగి వేయించుకొనవలెను. కాని ఆసుపత్రికి బయలుదేరుటకు ముందే, సబ్బుతో, ధారగా పడు నీటితో, పదునైదు నిమిషములు గాయమును కడుగవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు. కుక్కకాటునకు చెప్పుదెబ్బ యను మాట తగవులకే గాని వైద్యమునకు పనికిరాదు.

పగ్గమునకు అగు వ్యయ మేపాటిది? మెడకు పట్టెడ, చేతికి మూడు నాలుగు మూరల గట్టి త్రాడు చాలును. సంతకును, తిరునాళ్ళకును, బడి విడుచు వేళ వీథిలోనికిని కుక్కను తెచ్చినచో పగ్గము తప్పదు. దానిని పెద్దవారు పట్టుకొనవలెను. ఎనిమిదేండ్ల పిల్లవాని చేతి కిచ్చినచో కుక్కయే పిల్లవానిని నడిపించును. ఊరి కుళాయి కడ, పిల్ల లాడు ఇసుకలో అది మలము విడిచినచో ఎత్తి పూడ్చుటయు యజమాని పనియే; అందుండి కొంకిపురుగులు ఉత్త కాళ్ళతో తిరుగు పిల్లల చర్మములోనికి చేరును.

పగ్గ మనగా పగలు రేయి గుంజకు కట్టివేయుట కాదు. అట్లు కట్టుబడిన కుక్క మఱింత క్రూరమగును. పొట్టి గొలుసుతో మితిమీఱిన కాలము కట్టియుంచుట, తిప్పకుండుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఇక నిర్లక్ష్యమున జంతువును వదలి యితరులకు అపాయము కలిగించువానికి, 2024 జూలై 1 నుండి అమలునందున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను క్రింద ఆఱు నెలల వఱకు ఖైదు గాని, అయిదు వేల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. తగవు అంతవఱకు పోకముందే ఊరిలో తేల్చుకొనుట మేలని నా యభిప్రాయము.

అందుకు పంచాయతీవారు చేయదగిన దొకటి కలదు. పాశ్చరు మరణించిన సెప్టెంబరు 28వ తేదీని లోకమంతట ఈ వ్యాధి నివారణకై జరుపుకొనుచున్నారు. ఆనాడు పశువైద్యుని పిలిపించి, ఏ కుక్క ఎవరిదో పుస్తకమున వ్రాయించుడు. మూడు నెలలు నిండిన పిల్లకు తొలి టీకా, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల, అటుపై ఏటేట. పేరు వ్రాయించుకొనుట కెవ్వరును ముందునకు రాని కుక్కలకును టీకా వేయించి, వాటి లెక్కను వేఱుగా వ్రాయుడు. ఆ రెండవ పట్టిక పొడుగెంతయో సభలో చదివించినచో, అరుగుల మీద గంజి పోయువారు కొందఱు తామే లేచి పేరు చెప్పుదురు.