ఎత్తు తగ్గిస్తే పరువు తగ్గదు



గుర్రాల సంగతి ఆడవాళ్ళకెందుకమ్మా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేను చెప్పబోయేది మలక్‌పేట పందేల మాట కాదు. అడ్డంగా కర్రలు నిలిపి గుర్రం చేత దూకించే పోటీల మాట.

మా చెల్లెలి కూతురు హిమాయత్ సాగర్ దగ్గర ఓ మైదానంలో స్వారీ నేర్చుకుంటోంది. ఆ వైపుకి గుర్రాలు కొత్తేమీ కాదు. శివరాంపల్లి పోలీసు అకాడమీలో ఐ.పి.యస్.కు ఎంపికైనవాళ్ళు, ఆడపిల్లలతో సహా, స్వారీ నేర్చుకుంటారు గదా!

మా పిల్లకి నాలుగేళ్ళ గుర్రాన్ని అప్పగించారు. రోజూ తిరిగే మైదానంలో అది మీటరు ఎత్తు అవలీలగా దూకేది. దాంతో మొదటిసారే మీటరు పోటీకి పేరిచ్చారు. ఉస్తాద్ వద్దన్నా, "తక్కువ ఎత్తులో దిగితే నలుగురూ నవ్వరూ?" అని మా చెల్లెలే పట్టుబట్టింది. తీరా ఆ రోజు మైకులు, జనం, రంగురంగుల కర్రలు! రెండో అడ్డు ముందు గుర్రం ఠక్కున ఆగిపోయింది. పిల్ల జారి కిందపడింది. దేవుడి దయవల్ల దెబ్బ తగల్లేదు. కానీ మర్నాటినుంచి మోకాలెత్తు కర్రను చూసినా గుర్రం వెనకడుగే.

అప్పుడు ఉస్తాద్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. నాలుగేళ్ళ గుర్రం చూపులకే పెద్దది. దాని వెన్నెముక పూర్తిగా గట్టిపడ్డానికి అయిదారేళ్ళు పడుతుంది. పైగా కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి గనుక నుదుటికి సూటిగా, దగ్గరగా ఉన్నది దానికి కనపడదు. ముందు చూసుకున్న గుర్తు మీద, పైన కూర్చున్న మనిషి మీద నమ్మకంతోనే ఎగురుతుంది. ఆ నమ్మకం పోతే బలం ఉన్నా లాభం లేదు.

అందుకని మళ్ళీ మొదటికొచ్చారు. ముందు నేలమీద పరిచిన కర్రలు దాటించడం. తర్వాత రెండు కర్రలు ఇంటూ గుర్తులా పెట్టి, నడుమ మూరెడు ఎత్తు. ఆపైన 60, 70 సెంటీమీటర్లు. అడ్డు ముందు నేలమీద ఇంకో కర్ర ఉంచితే ఎక్కడ ఎగరాలో గుర్రానికి అంచనా చిక్కుతుంది. పోటీకి మాత్రం, రోజూ హాయిగా దూకే ఎత్తుకంటే 20, 30 సెంటీమీటర్లు తక్కువే ఎంచుకోవాలి. ఎందుకంటే కొత్తచోటి బెదురు కూడా దానికి ఒక అడ్డే. రెండుమూడు పోటీల్లో నిబ్బరంగా తిరిగివస్తేనే ఇంకో 10 పెంచాలి. తడబడితే సిగ్గుపడకుండా దించాలి.

1949 ఫిబ్రవరి 5న చిలీ దేశంలో హువాసో అనే గుర్రం 2.47 మీటర్లు దూకింది. ఆ రికార్డు నేటికీ చెక్కు చెదరలేదు. అప్పటికి దాని వయసు 15 ఏళ్ళ పైమాటే! నాలుగేళ్ళదానికి మనకెందుకంత తొందర?

ఆరు నెలల తర్వాత మా పిల్ల 70 సెంటీమీటర్ల పోటీలో దిగింది. ఒక్క కర్రా పడలేదు. బహుమతి రాలేదు కానీ, గుర్రం చెవులు నిక్కించుకుని ఉత్సాహంగా బయటికొచ్చింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా చెల్లెలే.

ఇంటికొస్తూ కారులో అంది: "అక్కా, మన బాబుని ఒక క్లాసు ఎగరేసి చేర్పిద్దామనుకున్నాను. వద్దులే, వాడి క్లాసులోనే చదవనీ."

నేనేం మాట్లాడలేదు. మీరూ ఒకసారి ఆలోచించండి. సెలవు.