గుండెకు తోడుగ నిలిచిన ఊరు

(మన సంఘసభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



కార్యదర్శిగారు నాకొసగిన విషయము "మనోవ్యథయు, సంతోషమును – ఆరోగ్యముపై వాని ప్రభావము". దీనిపై హితబోధ చేయుట కడు సులభము. నవ్వుచుండుడు, చింతింపకుడు, ప్రొద్దుననే లేచి నడువుడు అని చెప్పి కూర్చుండినచో మీరును సంతోషింతురు, నాకును శ్రమ తగ్గును. కాని చింతింపకుమని చెప్పినంతమాత్రమున చింత మానినవానిని నేనింతవరకు చూచియుండలేదు. కావున హితబోధను విడిచి ఒక ఊరి కథ చెప్పదలచితిని. ఆ ఊరు మన దేశమున లేదు. ఆ జనులు మనవారు కారు. అయినను పరాయి నేలపై తమ భాషతో, తమ పండుగలతో తరతరములుగ కాపురమున్నవారి కథ యగుటచే మన యిండ్లలో అది తేలికగనే అర్థమగును.

కథకు ముందు శరీరమును గూర్చి కొన్ని మాటలు. మనోవికారములకు మన భాష శరీరములోనే చోటు చూపును. గుండె జారినది, కడుపు తరుగుకొని పోయినది, ఒళ్లు మండినది, నోరెండినది, కాళ్లు చల్లబడినవి అందుము. ఇవి అలంకారములని తలతుము గాని వీనిలో పెక్కు ఉన్నదున్నట్లు చెప్పిన మాటలే. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడు 1890ల చివరి సంవత్సరములలో, అప్పటికి క్రొత్తగా వచ్చిన ఎక్స్‌రేల సాయమున పిల్లుల కడుపులో ఆహారము కదలు తీరును పరిశీలించుచుండెను. పిల్లి బెదరినను, కోపించినను జీర్ణకోశపు కదలిక తటాలున నిలిచిపోవుట ఆయన కంటబడెను. ఆ దారినే పోయి ఆయన 1915లో ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమునకు పునాది యయ్యెను. భయమో కోపమో కలిగిన వెంటనే, మూత్రపిండములపై టోపీలవలె నుండు ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తములోనికి వదలును. గుండె వడిగా కొట్టుకొనును. కడుపునకు పోవలసిన రక్తము కండలకు మరలును. కాలేయము తన నిలువలోని చక్కెరను విడుచును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధమగునన్నమాట. ఆ పరుగునకు కండలలో శక్తి ఎట్లు నిలువయుండునో తెలిపిన పరిశోధనలలో అదే హార్వర్డునందు పనిచేసిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చేయి యున్నది. భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివిన ఆయన, ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించెను. ఇది ప్రసంగవశమున చెప్పితిని. మనవాని పేరు వచ్చినచోట మౌనముగ దాటిపోవుట నాకు చేతకాదు.

పులి యెదురైనపుడు ఈ ఏర్పాటు ప్రాణరక్షకము. పులి పోయినంతనే అన్నియు యథాస్థితికి వచ్చును. కాని అప్పులవాని కబురు, పెండ్లికాని కూతురు, పై యధికారి మొగము – ఇవి పోవు పులులు కావు. ఇంటిలోనే కాపురముండు పులులు. 1936లో కెనడాలోని మాంట్రియల్ నగరమున హాన్స్ సెల్యె అను వైద్యుడు ఒక చిన్న లేఖను 'నేచర్' పత్రికలో ప్రకటించెను. ఎలుకలను చలిలో నుంచినను, అలసిపోవునట్లు పరుగెత్తించినను, కొద్దిపాటి విషమిచ్చినను ఒక్క తీరు మార్పులే కలుగుచున్నవని ఆయన చూపెను: ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బుట, రోగములనుండి కాపాడు థైమస్ గ్రంథి కృశించుట, జీర్ణకోశమున పుండ్లు లేచుట. నేడు మనము ఒత్తిడి అని పిలుచుదాని శాస్త్రము అటనుండియే పెరిగెను. కార్టిసాల్ అను స్రావము కొద్దిసేపు హెచ్చిన మేలు చేయును. నెలలకొలది హెచ్చుగనే యున్న రక్తపుపోటును, చక్కెరను పెంచి, వ్యాధి నిరోధకశక్తిని తగ్గించును.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. ఎలుకల పుండ్లను చూచి, మనుష్యుల కడుపు పుండ్లన్నియు చింతవలననే వచ్చునని వైద్యులు చిరకాలము నమ్మిరి. మన పెద్దలు మిరపకాయను కూడ నిందించిరి. 1982లో ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను ఇరువురు ఆ పుండ్లలో అధికభాగమునకు ఒక సూక్ష్మజీవి మూలమని కనుగొనిరి. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించెను. మందు వాడిన నయమగు రోగమును మనోవ్యాధి యని పంపివేసి, ఎంతమందిని బాధపెట్టితిమో! కావున మనస్సే సర్వమునకును మూలమను మాట నేను చెప్పను. ఎదలో నొప్పి వచ్చినవాడు తన చింతలను లెక్కించుకొనుచు కూర్చుండరాదు, ఆసుపత్రికి పోవలెను.

ఇక ఊరి సంగతి. ఇటలీ దేశపు దక్షిణభాగమున రోసెటో వాల్ఫోర్టోరె అను పేద పల్లె గలదు. 1882 మొదలుకొని ఆ పల్లెవాసులు బ్రదుకుతెరువునకై అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు వలసపోయి, పలకరాతి గనులలో కూలికి కుదిరిరి. ఒకని వెంట ఒకడుగ బంధువులు, ఇరుగుపొరుగువారు పోగా, అచట ఒక కొండవాలున క్రొత్త ఊరే లేచెను. దానికిని తమ ఊరి పేరునే పెట్టుకొనిరి. చుట్టును ఇంగ్లీషువారు, వేల్సువారు, జర్మనులు. వారెవరికిని వీరి భాష రాదు, వీరన్న గౌరవమును లేదు. పాస్క్వాలె డి నిస్కో అను యువ పురోహితుడు వచ్చి, గింజలు పంచి పెరటితోటలు వేయించి, సమాజములు స్థాపించి, ఉత్సవములు నడిపించెను. స్త్రీలు కుట్టుపని కర్మాగారములలో పనికి పోయిరి. 1912లో ఊరు ప్రత్యేక పురపాలనమును సంపాదించుకొనెను.

స్టువర్ట్ వుల్ఫ్ అను వైద్యాచార్యునికి ఆ ప్రాంతమున వేసవి విడిది యుండెడిది. రోసెటోలో ఏబది యైదేండ్ల లోపువారికి గుండెపోటు మిక్కిలి యరుదని అచటి వైద్యుడొకడు మాటల సందర్భమున ఆయనతో అనెను. ఆ దేశమున గుండెపోటు నడివయసు పురుషులను కోసివేయుచున్న కాలమది. వుల్ఫ్ నమ్మలేదు. తన బృందముతో 1961 ప్రాంతమున వచ్చి, మరణపత్రములను తిరుగవేసి, ఊరివారిని పరీక్షించి చూచెను. మాట నిజము. 1964లో అచ్చుపడిన వారి నివేదికలో, రోసెటోలోని గుండెపోటు మరణములు ఇరుగు పొరుగు ఊళ్లతో పోల్చిన సగమునకు లోపేయని తేలెను.

కారణమేమి? మొదట ఆహారమనుకొనిరి. రోసెటోవారు ఆలివునూనె కొనలేక పందికొవ్వుతో వండుకొనెడివారు. సాసేజీలు తినెడివారు, సారాయము త్రాగెడివారు, చుట్టలు కాల్చెడివారు. స్థూలకాయులును తక్కువ లేరు. వంశలక్షణమేమో యని, ఊరు విడిచి అన్యత్ర స్థిరపడిన వారి బంధువులను పరీక్షించిరి. వారికి ఈ రక్షణ లేదు. నేల, నీరు అందమా, ప్రక్కనేయున్న బ్యాంగర్ పట్టణమునకును ఇంచుమించు అవియే, ఆసుపత్రియు అదియే. తుదకు మిగిలినది ఆ ఊరి బ్రదుకుతీరు. తాత, తండ్రి, మనుమడు ఒక్క కప్పుక్రింద నుండిరి. వృద్ధుల మాటకు విలువ యుండెను. వీథిలో పోవువాడు నిలిచి నాలుగు మాటలాడక కదలడు. ధనవంతుడైనవాడు తన డాబు ప్రదర్శించుట తప్పుగ నెంచబడెను. సంపాదన పోయినవానిని ఊరు చూచుకొనెను. రెండువేలు నిండని ఊరిలో సమాజములు ఇరువదికి పైగా నుండెనట! కొన్నిటిలో పోట్లాటలును ఉండెనేమో. సమాజములను గూర్చి మనకు తెలియనిదా?

ఈ కథలో నన్ను కలచివేసినది తరువాతి భాగము. పరిశోధకులు 1960లలోనే ఒక మాట చెప్పిరి: ఈ కట్టుబాటు సడలిన ఈ రక్షణయు పోవునని. అట్లే జరిగెను. పిల్లలు కాలేజీలకు పోయిరి. ఊరి వెలుపల పెద్ద ఇండ్లు కట్టి కంచెలు వేసికొనిరి. మేలైన కార్లు కొని ఇంటి ముందర నిలిపిరి. తాతలు పాత ఇండ్లలో మిగిలిరి. నలుబది యైదేండ్ల లోపువాడు గుండెపోటుతో చనిపోవుట ఆ ఊరు మొదటిసారిగ 1971లో చూచెను. 1935 నుండి 1985 వరకు ఏబదియేండ్ల లెక్కలను బ్యాంగర్‌తో పోల్చి 1992లో ప్రకటించిరి. ముప్పదియేండ్లపాటు కనబడిన భేదము 1960ల నడుమనుండి చెరిగి, రెండు ఊళ్లును ఒకటయ్యెను. ఎవరును తప్పు చేయలేదు సుమా! పిల్లలు బాగుపడవలెననియే అందరును కోరిరి.

చిన్న ఊరి లెక్క యిది. అందు కొద్ది మరణములు అటునిటయిన లెక్క మారునని ఆక్షేపించినవారు కలరు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. ఒక్క ఊరు సాక్ష్యము చెప్పగలదే గాని తీర్పు చెప్పజాలదు. అయితే ఇతర సాక్ష్యములును ఉన్నవి. లండనులో 1967 మొదలుకొని సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులను పరిశీలింపగా, అట్టడుగు తరగతివారి మరణముల రేటు అత్యున్నత తరగతివారికంటె మూడు రెట్లుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు మున్నగునవి ఆ భేదములో కొంత భాగమునే వివరింపగలిగినవి. పని యెక్కువగుటకంటె, ఆ పనిపై తనకు ఏ స్వాతంత్ర్యమును లేకుండుట గుండెకు చేటని తరువాతి పరిశీలనలు సూచించినవి. యజమాని చింతకంటె గుమాస్తా చింత కీడు చేయునన్నమాట.

మరియొకటి మన స్త్రీలకు సంబంధించినది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, మతిమరుపు వ్యాధిగ్రస్తులైన బంధువులకు ఇంటిలో పరిచర్య చేయుచున్న పదుమూడుగురు స్త్రీలను, అట్టి భారములేని మరి పదుమూడుగురు స్త్రీలను తీసికొని, ముంజేతిపై ఒకే కొలత గల చిన్న గాయము చేసి, అది మానుటకు పట్టు దినములను లెక్కించిరి. 1995లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారము, పరిచర్య చేయువారికి సగటున తొమ్మిది దినములు ఎక్కువ పట్టెను. మంచము పట్టిన అత్తగారిని ఏండ్ల తరబడి చూచుకొనుచున్న కోడండ్రు ఈ సభలోనే యున్నారు. వారిని మెచ్చుకొందుము, సన్మానింతుము. ఒక్క పూట వారిని విడిపించి బయటికి పంపము. ఉమ్మడి కుటుంబమును గూర్చి ఉపన్యసించు పురుషులు, నాతో సహా, దాని భారము ఎవరి నడుముపై నిలిచినదో మరచుచుందుము. రోసెటోలోని మగవారి గుండెలను కాపాడిన ఇంటిలో రొట్టె కాల్చినదెవరు?

సంతోషము మాట తక్కువ చెప్పితిని. కారణము, అందు నిశ్చయముగ తెలిసినది తక్కువ. ఇరువదేండ్ల ప్రాయమున సంతోషముతో తమ స్వీయచరిత్రలు వ్రాసిన కన్యాసన్న్యాసినులు అధికకాలము జీవించిరని 2001లో అమెరికాలో తేల్చిరి. 2016లో బ్రిటనులో ఏడు లక్షలకు పైబడిన స్త్రీల లెక్క తీసి, ముందునుండియున్న అనారోగ్యమును పరిగణించిన పిదప సంతోషము ఆయుస్సును పెంచినట్లు కానరాలేదని చెప్పిరి. రోగమే సంతోషమును హరించునట. దుఃఖాతిశయమున గుండె తాత్కాలికముగ ఉబ్బి బలహీనమగు వ్యాధిని జపానువారు 1990లో వర్ణించి, ఆక్టోపసును పట్టు కుండ పేరున 'టకోట్సుబో' అనిరి. అది అరుదుగ మహానందమువలనను కలుగునని తరువాత తెలిసెను. కావున సంతోషమును మందుమాత్రవలె పుచ్చుకొను ఉద్దేశము మానుదము. ఆయుస్సును పెంచకున్న మాత్రమేమి? సంతోషము సంతోషమునకే చాలును.

ఇపుడు మన సంగతి. బళ్లారిలో, హోసూరులో, బరంపురమున, షోలాపురమున, యానాములో ఎచ్చట చూచినను మన పాత వీథులలో పెద్ద ఇండ్లు, చిన్న సంసారములు. పిల్లలు దూరమున నున్నారు. మనుమరాలికి చదువు వేరొక భాషలో; అవ్వకు మాట తెలుగులో. ఇరువురికిని ప్రేమ కలదు, మాటలు లేవు. అవ్వ వైద్యునివద్దకు పోయి "గుండెలో దిగులుగ నున్నది" అనును. ఆ దిగులను మాట వైద్యునికి తెలియదు. గుండె యను మాటను పట్టుకొని ఈ.సీ.జీ. తీయించును. కాగితము బాగున్నదని పంపివేయును. దిగులు ఆమెతోనే యింటికి వచ్చును.

నిద్రపట్టక, అన్నము సహింపక, దేనియందును మనసు నిలువక రెండు వారములు గడచినచో అది బలహీనత కాదు, చికిత్స గల వ్యాధి. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసిన, రుసుము లేకుండ, రాత్రింబగళ్లు సలహాదారు మాటలాడును. తెలుగుతో సహా పెక్కు భాషలలో ఆ సౌకర్యము కలదు. మన సంఖ్య ఎచ్చట తక్కువయైనను ఆ ఫోనులో తెలుగు దొరకును. ఈ సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాసి హాలు గోడకు తగిలింపవలసినదిగ కార్యదర్శిగారిని కోరుచున్నాను.

వేరొక కోరిక. మన వీథులలో ఒంటరిగనున్న వృద్ధులెందరో, రోగులకు పరిచర్య చేయు స్త్రీలెందరో ఒక పట్టిక తయారగుగాక. వారానికొక సాయంకాలము ఆ రోగి ప్రక్కన కూర్చుండుటకు ఇద్దరు చొప్పున వంతు వేసికొందము. వైద్యునివద్దకు పోవునపుడు అచటి భాష తెలిసిన యువకుడొకడు తోడు పోవుగాక. ఉగాదికి, వార్షికోత్సవమునకు తప్ప తెరువబడని ఈ హాలును శనివారము సాయంకాలములందు తెరచియుంచుదము. ఉపన్యాసములు వలదు, కుర్చీలును, కాఫీయును చాలును. మొదటి శనివారమునకు పాలు, కాఫీపొడి నావి. పేర్లు వ్రాసికొనుటకు కాగితము ద్వారమువద్ద బల్లపై ఉంచితిని.