ఆ 55 రాత్రులు
(గ్రంథాలయ సభలో చేసిన యుపన్యాసము)



భర్త చేతి దెబ్బలకు తాళలేక, అర్ధరాత్రమున బిడ్డను చంకనిడుకొని వీథిలోనికి వచ్చిన స్త్రీ తెల్లవారులోపల మరల ఆ యింటికే పోవుచున్నది. ఏల? పోవుటకు వేఱొక గడప లేదు గనుక. పుట్టినింట పరువు అడ్డము. పొరుగింట భయ మడ్డము. కాపురమన్న నిట్టివి మామూలేయని పెద్దలు సర్దిచెప్పి పంపుదురు. ఆ సర్దుబాటునకు వెల చెల్లించునది ఆమె యొక్కతెయే.

చట్టము లేదనుటకు వీలులేదు. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు చట్టము 2005లో చేయబడి, 2006 అక్టోబరు 26 నుండి అమలులోనికి వచ్చినది. కాపురమున్న యింటనే నివసించు హక్కును, రక్షణోత్తరువును, జీవనభృతిని అది ప్రసాదించినది. తొలి వాయిదా సాధారణముగా 3 దినములలోను, అటుపిమ్మట 60 దినములలో తీర్పును వచ్చునట్లు చూడవలెనని న్యాయాధికారిని ఆదేశించినది. 2015 నుండి నెలకొన్న సఖి కేంద్రములు ఆశ్రయ మిచ్చును. కాని యది తాత్కాలికము, సాధారణముగా 5 దినములకు మించదు.

ఇపుడు లెక్క చూడుడు. ఆ 60 దినముల గడువు నిండినపుడు తీర్పు వచ్చినచో, 5 పోగా 55 రాత్రులు మిగులును. గడువు దాటుటయు అరుదు కాదు. ఆ రాత్రులు ఆమె యెచట తలదాచుకొనవలెను? ప్రభుత్వపు శక్తి సదనములు కలవు. అవి ప్రతి పట్టణమునను లేవు. నిలువనీడ లేనిచో, ఉత్తరువు చేతికి రాకమునుపే ఆమె రాజీపత్రముపై వ్రేలిముద్ర వేయును.

ఆంధ్రదేశమునకు ఇట్టి పూనిక క్రొత్త కాదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించి వెలికి గురియైనపుడు, రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నీరు మోసి వండి వడ్డించిరి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. వారు తీర్మానములతో తృప్తిపడలేదు, తలుపులు తెరచిరి.

కావున మన పట్టణమున ఒక యాశ్రయగృహము కావలెను. భవనము లేచువఱకు ఆగనక్కఱలేదు. మూడు గదుల అద్దెయిల్లు, రేయింబవళ్లు కనిపెట్టియుండు సంరక్షకురాలు, పిలిచిన వచ్చు వైద్యురాలు, న్యాయవాది యొకరు, నెలచందా తప్పక యిచ్చు గృహస్థులు నూఱుగురు: ఇవి చాలును. నియమములు మాత్రము కఠినముగా నుండవలెను. ఇంటి జాడ బయటికి పొక్కరాదు. బిడ్డలను తల్లినుండి విడదీయరాదు. కులమతముల ప్రశ్నయు, తప్పెవరిదను విచారణయు గడపకడ జరుగరాదు. కాపురమునకు మరలుటయో, వేఱుగా బ్రతుకుటయో నిర్ణయించునది ఆమెయే, కార్యనిర్వాహకులు కారు.

ఇది భిక్ష యని తలపకుడు. శాసనమిచ్చిన హక్కు చేతికి వచ్చువఱకు కాలు నిలుపుకొను చోటు మాత్రమే. చప్పట్లు పిదప కొట్టవచ్చును; చందాపుస్తకము బల్లమీద నున్నది.