విద్యుచ్చికిత్స : దాని మేలు, దాని మేర



నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, బస్తరు సీమలో, భోపాలపట్నమునకు పోవు దారియందు మద్దేడ్ అను గ్రామము కలదు. ఆ ప్రాంతమున తెలుగు మాట వినవచ్చును. వేసవిలో ఇప్పపూవు ఏరుటకును, తునికాకు కోయుటకును, వానకాలమున నాట్లు వేయుటకును వంగి లేవవలసినదే. అట్టి శ్రమజీవికి మోకాలు నొచ్చిన కూలి పోవును. అతడు 'కరెంటు పెట్టించుకొనుటకు' పట్టణపు ఆసుపత్రికి పయనమగుటకు ముందు, ఆ కరెంటు ఏమి చేయునో, ఏమి చేయజాలదో తెలియుట మేలు.

ఈ చికిత్స క్రొత్తది కాదు. క్రీ. శ. మొదటి శతాబ్దముననే స్క్రిబోనియస్ లార్గస్ అను రోము వైద్యుడు తలనొప్పికి విద్యుత్తును విడుచు చేపను వాడవచ్చునని వ్రాసెను. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు దీనికొక వివరణము నొసగిరి. స్పర్శను మోయు నరములు ఉత్తేజితములైనచో, వెన్నుపాములో నొప్పివార్త పోవు ద్వారము కొంత మూతపడునట! దెబ్బ తగిలినచోట మనము చేతితో రుద్దుకొనుట ఇట్టిదే. చర్మముపై పట్టీలంటించి స్వల్ప విద్యుత్తును పంపు 'టెన్స్' యంత్రము ఈ మార్గముననే పనిచేయును. కొందరికి నొప్పి తగ్గును. కొందరికి అంతగా తగ్గదు. తగ్గినను, అరిగిన కీలు మరల క్రొత్తది కాదు.

కండరబలమునకు వాడు విద్యుత్తు వేరు. అది నరమును ప్రేరేపించి కండరమును ముడుచుకొనజేయును. మోకాలి శస్త్రచికిత్స పిదప తొడకండరము స్వయముగా బిగియనపుడును, పక్షవాతమున పాదము వ్రేలాడునపుడును ఇది తోడ్పడును. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారికిని, చర్మమున స్పర్శ లేనివారికిని వైద్యుని అనుమతి లేక దీనిని పెట్టరాదు. ఇంటి విద్యుత్ తీగెలతో ఇట్టి ప్రయత్నము ప్రాణాంతకము.

నొప్పికి వెరచి కాలు కదల్పనిచో తొడ క్షీణించును. తొడ క్షీణించిన మోకాలిపై భారము హెచ్చును. ఈ వలయమును తెంచునది వ్యాయామమే. పీటపై కూర్చుండి కాలు చాచి, అయిదు లెక్కించువరకు నిలిపి, మెల్లగా దించుట వంటివి చికిత్సకుని వద్ద ఒకమారు చక్కగా నేర్చినచో చాలును. విద్యుత్తు ఆ సాధనకు నొప్పిని తగ్గించి దారి చూపు సహాయకురాలు మాత్రమే. యంత్రము ఆసుపత్రిలోనే నిలుచును. నేర్చిన వ్యాయామము మద్దేడ్ వరకును వెంటవచ్చును.