ఒంటరి వకీలు – కక్షిదారు ఫోను
(మహిళా న్యాయవాదుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు వకీళ్ళు కావడానికి చట్టపరంగా ఉన్న అడ్డు 1923లో తొలగింది. అయినా సీనియరు అండ, గుమాస్తా, పలుకుబడి లేని స్త్రీకి కోర్టు చాలాకాలం పరాయి చోటుగానే ఉండిపోయింది. ఇవాళ కేసుకిచ్చే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటే చాలు, వాయిదా తేదీ ఫోనులోనే చూసుకోవచ్చు. ఎవరి దయకోసమూ నిలబడనక్కరలేదు. ఇది మనకు మేలే.

కానీ బరువు కూడా పెరిగింది. గృహహింసకు గురై మన దగ్గరికొచ్చే స్త్రీకి సాక్ష్యం ఇప్పుడు చాలాసార్లు ఆమె ఫోనులోనే ఉంటోంది. తిట్లూ, బెదిరింపులూ అన్నీ వాట్సాప్‌లోనే. ప్రింటు కాగితాలు దాఖలు చేయగానే అవతలి వకీలు లేచి ధ్రువపత్రం ఏదని అడుగుతాడు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం, 63వ సెక్షన్ కింద ఇచ్చే ఆ పత్రంలో ఒక భాగం నిపుణుడు నింపాలి. పెద్ద ఆఫీసులకు నిపుణులు దొరుకుతారు. ఒంటరి వకీలుకు, చేతిలో పైసా లేని ఆమె కక్షిదారుకు ఎవరు దొరుకుతారు?

అసలు ఫోనునే కోర్టులో హాజరుపరచి, దాని సొంతదారు సాక్ష్యం చెబితే ధ్రువపత్రం అక్కరలేదని పాత చట్టం కింద సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అందుకే కక్షిదారుకు మొదటిరోజే చెప్పాలి: "ఫోను అమ్మకమ్మా, మార్చకు, ఏదీ చెరపకు."

ఇక మన డిమాండు. 1987 నాటి న్యాయసేవల చట్టం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కునిచ్చింది. నిపుణుడి ఫీజు కూడా ఆ సహాయంలో భాగం కావాలి. ప్రతి జిల్లాలో కలిసి అడుగుదాం. ప్రాక్టీసు ఒంటరిగా చేస్తున్నా, పోరాటం ఒంటరిగా చేయనక్కరలేదు.