వంశవృక్షమున మూడవ కొమ్మ

మన పద్మశాలి కుటుంబముల వంశవృక్షములను గూర్చి ముచ్చటింపుడని కార్యదర్శిగారు మమ్ము నాజ్ఞాపించిరి. ఇతరుల వంశములను గూర్చి చెప్పుట సులభము. మా యింటి వృక్షమునందే యొక కొమ్మ కానరాకున్నది గావున, దానినే విన్నవించెదము.

మన కులము నాశ్రయించిన కూనపులివారు పటము విప్పి మార్కండేయపురాణమును గానము చేయుట మీలో పెద్దలెఱిగినదే. మా బాల్యమున మా యింటికి వచ్చిన వృద్ధకథకుడొకడు మా గోత్రమును జెప్పి, పూర్వపురుషుల నామములను వరుసగా జదువుచు, మా ముత్తాతగారి తండ్రియు నాయన తమ్ములును గూడి మువ్వురన్నదమ్ములని పలికి, మూడవవారి పేరుకడ నాగెను. మా తాతగారు "చాలును" అని సంభావన యిచ్చి పంపివేసిరి. ఆ "చాలును" మా చెవులలో నేటికిని నున్నది.

చాలకాలమునకు పెట్టె వెదకగా పంపకపు కాగితమొకటి దొరకినది. ఫారసీలో నున్నందున చదివించుకొనుటకే రెండేండ్లు పట్టినది. నిజాము రాజ్యమున 1884 వఱకును కచ్చేరిభాష ఫారసీయే గదా! అందలి ఫసలీ సంవత్సరమునకు 590 కలిపి చూడగా, ధాత నామ సంవత్సరమున (1876-77) వచ్చిన మహాక్షామమునకు రెండు మూడేండ్ల పిమ్మట వ్రాసినదని తేలినది. అందు అన్నదమ్ములు ఇద్దఱే. మూడవవారి ప్రసక్తియే లేదు.

కాగితమున లేనిది యింటియందు దొరకినది. వసారాలో గుంటమగ్గములకై త్రవ్విన గుంటలు రెండే మేమెఱుగుదుము. గచ్చు మార్పించునప్పుడు, పూడ్చివేసిన మూడవ గుంట బయల్పడినది.

ఆయన యేమయ్యెను? మా మేనత్తగారి మాట ప్రకారము, కరువునాడు నూలు కొనుటకు సొమ్ములేక, నడచి రాయచూరు చేరి, పొగబండి యెక్కి షోలాపురమునకు బోయెను. ఇది నమ్మదగినదే. 1871 నాటికే బొంబాయినుండి షోలాపురము మీదుగా రాయచూరునకు రైలుదారి యేర్పడినది. 1877లో షోలాపురమున నూలుమిల్లు నడువసాగెను. తెలంగాణపు నేతగాండ్రెందఱో ఆ పట్టణమున స్థిరపడిరి. అయితే తన వాటాను దానే వదలుకొనెనా, లేక యెదుటలేనివాని వాటాను మా పెద్దలే పంచుకొనిరా? ఈ ప్రశ్న మమ్ము బాధించుచున్నది. ఏలయన, మేము కాపురముండునది ఆ యింటనే.

ఆయన యిల్లాలి సంగతి మఱియు దుఃఖకరము. కూనపులివారు చదివిన వరుసలో పురుషనామములే గాని స్త్రీనామములు లేవు, కాగితమునను లేవు. వెనుకగదిలో నొక ముసలమ్మ కండెలు చుట్టుచుండెడిదనియు, ఆమెను చిన్నమ్మ యని మాత్రమే పిలిచెడివారనియు మేనత్తగారు తమ తల్లివలన వినిరట. ఆమెయే యీమె యని మా యూహ.

మహాలయపక్షమున కారుణ్యతర్పణము విడుచునప్పుడు ఆ యిరువురకును బంధుత్వము చెప్పుచున్నాము గాని పేరు చెప్పలేకున్నాము. షోలాపురమునుండియు, భివండినుండియు విచ్చేసిన బంధువులు ఈ సభలో ననేకులు గలరు. ధాత కరువునాడు కృష్ణకుత్తరపుటొడ్డునుండి వచ్చి, మువ్వురన్నదమ్ములలో కడపటివాడనని చెప్పుకొనిన నేతగానిని గూర్చి మీ యిండ్ల పెద్దలవలన వినియుండినచో, భోజనానంతరము దయచేసి మమ్ము కలిసికొనుడు. పంపకపు కాగితమును వెంట దెచ్చితిమి.